పాటల డబ్బా మీద చద్దరు

మొన్న మా చిన్నల్లుడు టీవీ వెనక దాచిపెట్టుకునే చిన్న కంప్యూటర్ కొనాలని ఫోన్‌లో నాలుగు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని కూర్చుని, వీటిలో ఏది మంచిదంటావు మామా అని నన్ను అడిగాడు. అడిగింది ఎవరిననుకున్నారు, ఏడో తరగతిలో లెక్కల సారు క్లాసు బయట నిలబడమంటే, మళ్లీ లోపలికి పిలుస్తాడేమోనని ఇన్నేళ్లుగా బయటే నిలబడి ఉన్న మనిషిని. అయినా అల్లుడి మర్యాద కాదనకూడదు కదా, కళ్లజోడు సవరించుకుని, పెళ్లిచూపులకు వెళ్లిన పెద్దమనిషిలా ఆ నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి పరిశీలించాను. సబ్బుబిళ్ల కంటే కాస్త పెద్దవి, అంతే. దానిలో లినక్స్ వేసుకుంటాడట, ఇంట్లో ఉన్న పాటలూ సినిమాలూ పెళ్లి ఫోటోలూ అన్నీ దానిలోనే పెట్టి టీవీలో చూస్తాడట. ఇది తీసుకుంటాను మామా, దీనికి ఫ్యానే లేదు, అసలు చప్పుడే ఉండదు అన్నాడు.

నా నోట్లో తయారుగా ఉన్న వెటకారం అక్కడే ఆగిపోయింది. చప్పుడు లేదన్న ఒక్క కారణంతో నేను కూడా ఒకప్పుడు ఒక కంప్యూటర్‌ను ఎంచుకున్నాను. నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

తొంభైలు ముగింపుకొస్తున్న రోజులవి. సోలాపూర్‌లో మన తెలుగు నేతవాళ్లుండే భవాని పేట్‌లో మాది రెండు గదుల ఇల్లు. మా అమ్మ, నా భార్య, ముగ్గురు పిల్లలు, మా తమ్ముడు, నేను, మొత్తం ఏడుగురం. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు అనేవాళ్లం. నేను కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానాలో జాబర్‌ను, అంటే పవర్‌లూమ్‌లకు వైద్యుణ్ణన్నమాట. పవర్‌లూమ్‌లను మేం సాంచాలు అంటాం. మా ఇంటి గోడకు అవతల కూడా పక్కింటివాళ్ల నాలుగు సాంచాలు పొద్దస్తమానం ఆడుతుండేవి, ఆ చప్పుడులోనే మా పిల్లలు పుట్టారు, ఆ చప్పుడులోనే నిద్రపోయేవారు, సాంచాలు ఆగితేనే ఉలిక్కిపడి లేచేవారు. మీలో ఆ పేటల్లో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు, మన ఇళ్లలో ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే కోపం వచ్చిందని కాదు, మగ్గాలు నడుస్తున్నాయని అర్థం.

బాపు మాత్రం సాంచా ఎక్కలేదు. చివరిదాకా చేతిమగ్గమే, మగ్గం మీద కూర్చుంటే పాటే. ఆయన పాడేవి అచ్చులో ఎక్కడా లేవు, కొన్ని తాత నుంచి వచ్చినవి, కొన్ని మార్కండేయుడి కథలోవి, కొన్ని ఆయన సొంతంగా అల్లినవి. మగ్గంలో నూలు మోసే నాడె అటు పోయినప్పుడు ఒక మాట, ఇటు వచ్చినప్పుడు ఒక మాట. ఎన్నో ఏళ్ల నూలు పొట్టు ఊపిరితిత్తుల్లో చేరి, చివరి ఏడాది పాట సంగతి అలా ఉంచి, నీళ్లివ్వమని అడగడానికి కూడా రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఎనభైల చివర్లో పోయాడు. అయితే అంతకు చాలాముందే మా మేనమామ ముంబై నుంచి టేప్ రికార్డర్ తెచ్చి, మగ్గం పక్కన పెట్టి, రెండు కాసెట్ల నిండా ఆయన పాటలు ఎక్కించాడు. దానిలో పాటలే కాదు, మగ్గం చప్పుడు ఉంది, మధ్యమధ్య బాపు దగ్గు ఉంది, ఒకచోట అవ్వ వంటింట్లోంచి అన్నం సల్లారుతుంది లెయ్యమని కేకేయడం, పాట ఆపకుండానే, అదే రాగంలో, ఇగో వస్తున్న ఆగమని బాపు జవాబివ్వడం కూడా ఉంది. అవ్వకు ఆ రెండు కాసెట్లలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

బాపు పోయాక అవ్వ ఆ కాసెట్లు ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, చుడుతూ, వింటూ ఉండేది. విని విని టేపు సాగింది, రెండుసార్లు యంత్రం దాన్ని నమిలింది, పెన్సిలు పెట్టి తిప్పి, తెగినచోట అతికించి బతికించాం. అప్పటినుంచి అవ్వ వినడం మానేసింది. అరిగిపోతే మళ్లీ దొరకడు కదా అని, రెండింటినీ పాత జాకెట్టు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. ఉన్న మొగుడి గొంతు వినకుండా దాచుకోవడం ఎలా ఉంటుందో నాకప్పుడు తట్టలేదు. పైగా, బాపును జప్తు చేసి పెట్టావేంది అవ్వా అని ఎకసెక్కమాడేవాణ్ణి.

మా తమ్ముడు నాలాంటివాడు కాదు. పాలిటెక్నిక్ చదివాడు, కంప్యూటర్లు నేర్పే ఒక క్లాసులో పాఠాలు చెప్పేవాడు. కంప్యూటర్‌లో పెడితే పాట వెయ్యిసార్లు విన్నా అరగదని అవ్వకు చెప్పింది వాడే. అవ్వ చేస్తున్న బీడీ పక్కన పెట్టి, వెయ్యిసార్లా అని అడిగింది. ఆ అడగడంలోనే మా ఇంటికి కంప్యూటర్ రావడం ఖాయమైపోయింది.

వాడు దానికోసం పెద్ద ఆలోచనే చేశాడు. పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీ బిళ్ల ఒకటి వాడి దగ్గర ఉంది, దానిలో కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే ప్రోగ్రాం ఉందట. అదేమిటో నాకర్థమయ్యేలా చెప్పడానికి వాడు మన పనిలోంచే పోలిక తెచ్చాడు. మన పేటలో ఒకరు జకార్డ్ డిజైన్ అట్టలకు చిల్లులు కొట్టించుకుంటే ఇంకొకరు అడిగి తీసుకుని, నెమలి పక్కన ఒక పువ్వు చేర్చుకుని నేసుకుంటారు చూడు, ఇదీ అంతే, దాచుకోవడం ఉండదు, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు అన్నాడు. అవ్వ చేతులకు ఎప్పుడూ తంబాకే కాబట్టి, స్విచ్చి వేస్తే చాలు, ఏ తెరా ఏ మౌసూ అక్కరలేకుండా, వేలి కణుపుతో ఒక్క మీట నొక్కితే బాపు పాట మొదలయ్యేలా తాను దాన్ని మార్చి పెడతానన్నాడు. పిల్లల కోసం టీవీకి తగిలించే కార్డు కూడా వేస్తానన్నాడు, ఆదివారాలు సినిమా బిళ్లలు చూసుకోవచ్చని.

ఇద్దరం పుణె వెళ్లాం. ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటర్లు అమ్మే దుకాణం అది. తమ్ముడి చేతిలో చీటీ ఉంది, ప్రాసెసర్ ఎంత, మెమరీ ఎంత, లినక్స్ గుర్తుపట్టే సౌండ్ కార్డులు ఏవేవి అని. నా చేతిలో చీటీ లేదు, చెయ్యే ఉంది. మా ముందుగది గోడలో పూర్వం దీపం పెట్టిన గూడు ఉంది, దాని వెడల్పు నాకు రెండు జానల నాలుగు వేళ్లు, ఎత్తు జానెడు. అందులో పట్టాలి, పట్టకపోతే ఏడుగురిలో ఒకరు బయట పడుకోవాలి.

తమ్ముడికి నచ్చింది బీరువాలాంటి నిలువు డబ్బా. రెండు ఫ్యాన్లు, ఆన్ చేస్తే విమానం లేచినట్టుంది. నాకు నచ్చింది బల్లపరుపు డబ్బా, మిఠాయి పెట్టెలా సన్నగా, అందంగా ఉంది. చెవి ఆనించి విన్నాను. ఏ చప్పుడూ లేదు. నేను జాబర్‌నని చెప్పానుగా, మా విద్యంతా చెవిలోనే ఉంటుంది. ఇరవై సాంచాల మధ్య నిలబడి కళ్లు మూసుకుని ఏ సాంచాకు ఏ రోగమో చెప్పేవాణ్ణి. మా లోకంలో రోగమున్న యంత్రమే మూలుగుతుంది, ఆరోగ్యంగా ఉన్నది గుట్టుగా పని చేసుకుపోతుంది. ఆ లెక్క ప్రకారం ఆ సన్న డబ్బా ఏక్ నంబర్ అని తేల్చేశాను.

తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నా, చప్పుడు వస్తుందంటే ఫ్యాన్ తిరుగుతున్నట్టు. గిది బఘ, సూడు, లోపలికి గాలి పోయే జాగనే లేదు" అన్నాడు.

"రెండు రూముల్ల ఏడుగురం ఊపిరి పీలుస్తలేమా, గది పీల్చదా?" అన్నాను నేను.

దుకాణంవాడికి తెలుగు రాకపోయినా, మరాఠీలో అదే మాట మళ్లీ చెప్పి వాణ్ణి కూడా నవ్వించాను. తమ్ముడి ముఖం ఎర్రబడింది. నలుగురిలో నవ్విస్తే మాట నెగ్గుతుందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చదివినవాడు ఓడిపోయి చదవనివాడు గెలిచాడని రైల్లో నాకెంత సంబరమో. ఆ సన్న డబ్బాలో ఉన్న ఒక్క ఫ్యాను చప్పుడు లేకుండా తిరగడం దాని సుగుణం కాదని, అప్పటికే సగం చచ్చి ఉందని చాలా నెలల తర్వాత తెలిసింది.

సాంచాలకు సెలవున్న రోజు చూసుకుని తమ్ముడు టేప్ రికార్డర్‌ను డబ్బాకు తగిలించాడు. కాసెట్లు చివరిసారి తిరుగుతున్నాయన్నట్టు ఇంటిల్లిపాదీ నోరు మూసుకుని కూర్చున్నాం. కత్తెర చప్పుడవుతుందని అవ్వ ఆ పూట బీడీలు కూడా చేయలేదు. రెండు కాసెట్లూ ఎక్కాయి. వాడు వాటిని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, వీటిని పారేయకు అన్నా, వీలు చూసుకుని నేను ఇదంతా ఒక బిళ్ల మీదికి కూడా ఎక్కిస్తాను, అప్పటిదాకా భద్రం అన్నాడు. ఆ నెలలోనే వాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది. బిళ్ల సంగతి వచ్చే నెల, ఆ పై నెల అని జరుగుతూ పోయింది.

అవ్వకు మాత్రం పండగే. పొద్దున వాకిలి ఊడ్చి, చాట ముందుకు లాక్కుని, మీట మీద వేలి కణుపు ఆనించేది. బాపు పాడుతుంటే పక్కిళ్ల ఆడవాళ్లు కూడా వాళ్ల చాటలు తెచ్చుకుని మా ముందుగదిలోనే బీడీలు చుట్టేవారు. తన కేకా, బాపు జవాబూ వచ్చేచోట అవ్వ చేతులు ఆగేవి, ఆ ఒక్క క్షణం, ఆ తర్వాత మళ్లీ సాగేవి. బాపు పోయాక ఆమె ముఖంలో అంత తేట నేను చూడలేదు.

ఇక నా రెండో తెలివి గురించి చెప్పాలి. మన సోలాపూర్ ఇళ్లలో ఏ వస్తువునైనా బట్టలు లేకుండా ఉంచుతామా. రేడియోకు గుడ్డ, టీవీకి గుడ్డ, కుట్టుమిషన్‌కు గుడ్డ. గోడ అవతల నుంచి పొట్టు ఎగిరి వచ్చి పొద్దుటికల్లా అన్నిటిమీదా తెల్లగా పేరుకుంటుంది మరి. నేత ఊళ్లో పుట్టి, ఇంత ఖరీదైన డబ్బాను బోసిగా ఉంచడమా అని, కార్ఖానాలో అంచు పోయి పక్కనపడ్డ మందపాటి జకార్డ్ చద్దరు ఒకటి తెచ్చి, నాలుగు మడతలు వేసి దానిమీద కప్పాను. గూట్లో మూడువైపులా గోడ, నాలుగోవైపు నా చద్దరు. పొద్దున వేసిన స్విచ్చి పడుకునే ముందే తీయాలి, మధ్యలో తీయొద్దని కూడా నేనే చట్టం చేశాను.

ఎండలు ముదిరాయి. ఒకరోజు చూస్తే చద్దరు తీసి పక్కన మడతపెట్టి ఉంది. కప్పాను. రెండోరోజూ తీసి ఉంది. మళ్లీ కప్పాను. మూడోరోజు నేను అన్నానికి వచ్చేసరికి పక్కిళ్ల ఆడవాళ్లందరి ముందే అవ్వ చద్దరు తీస్తున్నది.

"డబ్బా పెంక లెక్క కాలుతుంది కొడుకా" అన్నది, రొట్టె కాల్చే చెయ్యి కదా, దానికి తెలుస్తుంది. "జరసేపు గాలాడనియ్యి."

"దానికి జరం వచ్చింది అవ్వా" అన్నాను నేను. "నాకా కాడ డాక్టరున్నడు, రిక్షల ఏసుకపోదామా?"

"అత్తా, నుదుటి మీద తడిగుడ్డ ఎయ్యరాదు" అన్నది పక్కింటి కోడలు.

అందరూ చాటలు ఊగేలా నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే చద్దరు తీసుకుని, దుమ్ము దులిపి, మళ్లీ డబ్బా మీద కప్పి, నాలుగు మూలలూ సరిచేసింది. ఆ తర్వాత ఎన్నడూ దాన్ని తీయలేదు. నా మాట నెగ్గింది. ఇప్పుడు తలచుకుంటే, నేను ఆడిన వేలకొద్దీ పరిహాసాల్లో ఆ ఒక్కదాన్ని వెనక్కి తీసుకోగలిగితే చాలనిపిస్తుంది.

పదిరోజులు గడిచాయేమో. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి చాటలో ఆకు ఆకుగానే ఉంది. అవ్వ గూటి ముందు నిలబడి ఉంది.

"మీ బాపు పలుకుతలేడు రా" అన్నది.

చద్దరు తీశాను, చెయ్యి పెట్టలేకపోయాను. చల్లారాక మరలు విప్పి చూశాను. అంత కాపాడినా పొట్టు ఎప్పుడు దూరిందో, ఫ్యాను రెక్కల మధ్య మెత్తటి దిండులా పేరుకుని ఉంది. అది తిరగడం మానేసి ఎన్నాళ్లయిందో దానికే తెలియాలి. కార్ఖానాలో పూట పూటకూ సాంచా కింద పొట్టు తీసేవాణ్ణి, ఇంట్లో దాన్ని ఒక్కసారి తెరిచి చూడలేదు. చప్పుడు చేయని యంత్రాన్ని ఎవడు తెరుస్తాడు. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గరికల్లా మోసుకెళ్లాను. స్విచ్చి వేస్తే పాటలు దాచిన లోపలి డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయేది.

బూత్ నుంచి ఫోన్ చేస్తే తమ్ముడు మర్నాడే వచ్చాడు. రోజంతా ఏవేవో మార్చి చూశాడు. సాయంత్రానికి స్క్రూడ్రైవర్ కింద పెట్టి, సరే, కాసెట్లు ఏవన్నా అని అడిగాడు.

ఈ ముక్క రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. డబ్బా ఆగిపోవడానికి ముందరి వినాయక చవితికి మా మండలి పందిట్లో నా మిమిక్రీ పెట్టారు. కార్ఖానా సేటు, మేస్త్రీ, పాలవాడు, లెక్కల సారు, అందరి గొంతులూ నా గొంతులో ఉండేవి. ముందుగా ఇంట్లో పలికి ఎక్కించి విని చూసుకుందామనుకుంటే చేతికి ఖాళీ కాసెట్ దొరకలేదు. బాపు డబ్బాలో భద్రంగా ఉన్నాడు, బట్ట దించిన తర్వాత నూలు అయిపోయిన ఖాళీ దోనె ఎవరికి కావాలి అనుకున్నాను. మొదటిదాని మీద ఇంట్లో ఎక్కించాను, రెండోదాని మీద పందిట్లో, జనం నవ్వులతో సహా.

నోటితో చెప్పడం చేతకాక, కాసెట్లు తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వాడు టేప్ రికార్డర్‌లో వేశాడు. అవ్వ వచ్చి పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది. మొదటిదానిలో మా మేస్త్రీ గొంతు వచ్చింది, తర్వాత సేటు గొంతు, రెండోదానిలో జనం ఘొల్లున నవ్వడం. తమ్ముడు ముందుకు తిప్పాడు, నవ్వులు. తిరగేసి వేశాడు, నవ్వులు. చిట్టచివర నా కార్యక్రమం అయిపోయినచోట టేపు చప్పున మారి, మగ్గం చప్పుడు వచ్చింది, నాడె అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు. గొంతు లేదు. టేపు అయిపోయింది. తమ్ముడు స్క్రూడ్రైవర్ తీసి సంచిలో వేసుకున్నాడు. ఆ రాత్రి బండికే పుణె వెళ్లిపోయాడు, ఆ తర్వాత ఎన్నడూ కంప్యూటర్ మాట నా ముందు ఎత్తలేదు.

ఇప్పుడు భవాని పేట్‌లో మా గోడకు అవతల సాంచాలు లేవు. అమ్మేసి అక్కడ గదులు కట్టి అద్దెకిచ్చారు. మా వీధిలో పగటిపూట గడియారం చప్పుడు వినిపిస్తుంది, పొట్టు లేదు, టీవీకి గుడ్డ కప్పే ఇల్లు కూడా లేదు. మన తరం వాళ్లకు తండ్రి గొంతు దొరకడమంటే ఎవరో మేనమామ ముంబై నుంచి యంత్రం తేవాలి, ఇంట్లో అందరూ నోరు మూసుకుని కూర్చోవాలి. ఇప్పుడు నా మనవరాలు తుమ్మినా నాలుగు ఫోన్లలో భద్రమవుతుంది. ఇంత నిశ్శబ్దంలో ఎంత చక్కగా ఎక్కించుకోవచ్చునో కదా అనుకుంటాను, ఎక్కించుకోవడానికి ఆ మగ్గమూ లేదు, ఆ మనిషీ లేడు, ఆయన కోసం చెయ్యాపి వినే మనిషి కూడా లేదు. అల్లుడికి నేను ఇదంతా చెప్పలేదు. నీకు నచ్చింది తీసుకో నాయనా, నన్ను మాత్రం అడగకు అన్నాను. పరాచికమాడుతున్నాననుకుని నవ్వాడు. నేను సీరియస్‌గా మాట్లాడితే ఎవరూ నమ్మకపోవడం నాకు పడిన శిక్షల్లో ఒకటి.

తమ్ముడు వెళ్లిన నాలుగు రోజులకు, అవ్వ ఎప్పటిలా చాట ఒళ్లో పెట్టుకుని, ఏ పాటా లేకుండా బీడీలు చుడుతున్నది. ఎదురుగా కూర్చున్నాను. క్షమించమని అడగడం చిన్నప్పుడే నేర్చుకోవలసిన విద్య, అది నేను నేర్వలేదు. ఊరందరి గొంతులూ పలికే నోటితో ఆ ఒక్క గొంతు పలికితే ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందేమోననిపించింది. గొంతు సవరించుకుని, బాపులాగే తల ఒక పక్కకు వంచి, ఆయన పాట ఒకటి ఎత్తుకున్నాను. బాగానే కుదిరింది, మధ్యలో ఆ దగ్గుతో సహా.

అవ్వ తలెత్తలేదు. చేతిలో బీడీకి దారం చుట్టి ముడి వేసింది.

"వద్దు కొడుకా" అన్నది. "మీ బాపు గొంతు నా చెవులల్ల ఇంకింత మిగిలింది. దాని మీద గూడ నీది ఎక్కియ్యకు."